కొంచెం అడుగంటిన కూర

పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే మా అమ్మాయి బట్టలూ చెప్పలేదు, బొమ్మలూ చెప్పలేదు. "పోయినేడు తిన్న కూర కావాలి. బంగాళదుంపలది. అమ్మ చేసింది," అంది.

నా ముఖం చూసి తనే సర్దుకుంది. "అచ్చం అలాగే రాకపోయినా ఫర్వాలేదులే. వీధి చివర హోటల్లో చెప్పు నాన్నా. వాళ్ళు ఇంటికి కూడా పంపిస్తారట."

దాన్ని మేం పిచ్చుక అని పిలుస్తాం. వాళ్ళమ్మ పెట్టిన పేరు. చలికాలంలో ఆమె పోయాక, ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ రాత్రి ఆ కూర నేనూ చేసి చూశాను. పిచ్చుక రెండు ముద్దలు తిని "బాగుంది" అని మంచినీళ్ళు తాగింది. పాఠం అర్థం కాని పిల్లలు అర్థమైందని చెప్పేటప్పుడు పెట్టే ముఖం అది. నేను రోజూ చూసేదే.

మర్నాడు బడి వదిలాక హోటల్‌కి వెళ్ళాను. నాలుగు బల్లల చిన్న హోటల్. ఇంకా జనం రాలేదు. హోటలావిడ గల్లాపెట్టె పక్కన చాట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది.

"రండి మాస్టారూ. పార్శిలా?"

"కాదమ్మా. ఆదివారం మా అమ్మాయి పుట్టినరోజు. పిల్లలూ పెద్దలూ కలిపి పాతికమంది ఉంటారు. భోజనం ఇంటికి పంపాలి. మిగతావన్నీ మీ ఇష్టం. బంగాళదుంపల కూర మాత్రం..." ఎలా చెప్పాలో తెలియక ఆగాను. "కొంచెం అడుగంటాలి."

"అడుగంటాలా?"

"మా ఆవిడ కూర పొయ్యిమీద పడేసి పుస్తకం పట్టుకునేది. ఎప్పుడూ అడుగంటేది. మా అమ్మాయికి ఆ రుచే కావాలట. నిరుడు పుట్టినరోజుకి తిన్నట్టు."

ఆమె చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది. "అయితే ఆవిడ మీకు చెప్పనే లేదన్నమాట."

"ఏమిటి?"

"ఆ కూర ఇక్కడ చేసిందే మాస్టారూ." ఆమె లోపలి పొయ్యి వైపు చూసింది. "ముందురోజు వచ్చి ఇదిగో, ఈ బల్లమీదే కూర్చుంది. నిలబడలేకపోతున్నానక్కా, నువ్వే చేసిపెట్టాలి, ఎవరికీ చెప్పకు అంది. మీ ఇంటి వంకరపిడి గిన్నె తెచ్చిచ్చింది. పైగా అడుగంటించమంది. నా హోటల్ మూయిస్తావా ఏమిటి తల్లీ అని పోట్లాడాను. అంటకపోతే మా ఆయన పట్టేస్తారక్కా అని ఒకటే నవ్వు. కావాలని కూర మాడ్చింది నా జన్మలో అదొక్కసారే."

నిరుడు పుట్టినరోజు నాడు నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి బడికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వంట సిద్ధంగా ఉంది. నా భార్య కుర్చీలో కూర్చునే అందరికీ వడ్డించింది. నడుం నొప్పి అంది. మళ్ళీ అడుగంటించావా అని నేను వేళాకోళం ఆడితే, "పుస్తకం బాగుంది మరి," అంది. డాక్టర్ల దగ్గరికి తిరగడం ఆ తర్వాత మొదలైంది.

"నేను నోరు జారాను," అంది హోటలావిడ.

"లేదమ్మా. తెలియడమే మంచిదయింది. మా అమ్మాయికి మాత్రం చెప్పకండి. వాళ్ళమ్మ చేతివంట అనుకుని అది గుర్తుపెట్టుకున్నది ఆ కూరనే. దాన్ని కూడా దాని దగ్గర్నుంచి తీసుకోలేను."

ఆమె తలూపింది. "గిన్నె పంపండి. వంకరపిడిదే."

గిన్నె అటకమీద ఉందనుకున్నాను. శనివారం ఎక్కి తీద్దామని చూస్తే వంటింటి గట్టుమీద కడిగి బోర్లించి ఉంది.

"హోటల్‌కి ఇది ఇయ్యి నాన్నా," అంది పిచ్చుక.

"ఇదే ఎందుకు?"

"ఊరికే. ఇందులోనైతే బాగుంటుంది."

ఆదివారం ముందుగదిలో రంగుకాగితాలు అంటిస్తున్నాను. పెరటి తలుపు చప్పుడైంది. పిచ్చుక పరిగెత్తింది. కత్తెర కోసం నేనూ వంటింటి వైపు నడిచాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి దాని గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, ఒక్కమాట. పోయినేడు కూడా మీరే చేశారని నాన్నకి చెప్పొద్దు."

హోటలావిడ గిన్నె గట్టుమీద పెట్టింది. "నీకు తెలుసా?"

"మీరు తెచ్చినప్పుడు తలుపు తీసింది నేనే కదా. అమ్మ పడుకుని ఉంది. తను నిలబడలేకపోయిందని తెలిస్తే నాన్న బెంగపెట్టుకుంటాడు, చెప్పకు అంది. సరేనన్నాను."

"ఇప్పుడింకా ఎందుకమ్మా దాచడం?"

"ఇప్పుడైతే ఇంకా ఎక్కువ బెంగపెట్టుకుంటాడు."

హోటలావిడ తలెత్తి, పిచ్చుక భుజం మీదుగా నన్ను చూసింది. నేను వద్దన్నట్టు తలాడించాను. ఆమె మళ్ళీ పిచ్చుక వైపు తిరిగింది.

"చెప్పనులే తల్లీ," అంది. "మీ ఇంట్లో అందరూ నాకు ఒకటే పని చెప్తారు."

"అందరూ అంటే?"

"మీ అమ్మా, నువ్వూ."

నేను కత్తెర లేకుండానే వెనక్కి వచ్చాను. మిగిలిన టేపు పళ్ళతో కొరికి అంటించాను. నేను దాని నుంచి దాచాలనుకున్నది, అది ఏడాదిగా నా నుంచి దాస్తోంది. హోటల్‌కి నన్ను పంపింది కూడా అదే.

కేకు కోశారు. పిల్లలు బెలూన్లు పగలగొట్టారు. భోజనాలు మొదలయ్యాక మా అక్క కూర నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది.

"డబ్బిచ్చి మాడిన కూర తెప్పించడం నీకే చెల్లిందిరా తమ్ముడూ! హోటల్‌వాళ్ళకి కూడా మా మరదలి జబ్బే పట్టుకుందా ఏమిటి?"

అన్నాక తనే నాలిక కరుచుకుంది.

పిచ్చుక పకపకా నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని చాలాకాలమైంది. నవ్వాపి నా వైపు తిరిగింది.

"అచ్చం అమ్మ చేసినట్టే ఉంది కదా నాన్నా?"

"అచ్చం అలాగే ఉంది," అన్నాను.

నా ముఖం ఎలా పెట్టానో నాకు తెలియదు. అది మాత్రం కొంచెంసేపు పరీక్షగా చూసింది. తర్వాత వంకరపిడి గిన్నె దగ్గరికి లాక్కుని, అడుగున పట్టిన నల్లటి మాడుని గరిటెతో ఊడదీసి, సగం నా కంచంలో వేసింది.

"పుస్తకం బాగున్నట్టుంది," అన్నాను.

అది తలెత్తలేదు. గిన్నెలో ఇంకేమీ లేకపోయినా, గరిటెతో అడుగు గీకుతూనే ఉంది.