ఇందు వంతు వచ్చిన వారం

కుట్టుమిషన్లు రోడ్డు మీద బోర్లా పడి ఉన్నాయి. సమ్మెనాటి వంట గుండిగ కాలవలోకి దొర్లిపోయింది. కంట్రాక్టరు హరిబాబు మనుషులు మహిళా సమాజం హాల్లోంచి బల్లలు ఈడ్చుకొచ్చి విసిరేస్తుంటే సింహాచలమ్మ గేటు పట్టుకుని నిలబడిపోయింది. తలుపు బద్దలుగొట్టారు కాబోలు అనుకుంది. తీరా చూస్తే తలుపు నిక్షేపంగా ఉంది. తాళంచెవి హరిబాబు వేలికి వేలాడుతోంది.

అది ఎవరి చేతిలోంచి పోయిందో వాడలో అందరికీ తెలుసు. ఆ వారం వంతు ఇందుది.

ఆ సమాజానికి యజమాని అంటూ లేరు. తాళంచెవి వారానికో ఇంటికి తిరుగుతుంది. తీసుకున్న మనిషిని ఎందుకని ఎవరూ అడగకూడదు. నమ్మకం మీద పెట్టుకున్న కట్టుబాటు అది.

డెబ్బైనాలుగు రైల్వే సమ్మెలో వర్క్‌షాపు మగాళ్ళని జైళ్ళలో కుక్కి, క్వార్టర్లలోంచి సామాన్లు బయట పారేసిన రోజుల్లో పుట్టింది సమాజం. చర్చికెళ్ళే ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేర పిడికెడు తీసి పక్కన పెడతారు. ఇందు తల్లి కృపమ్మ ఆ బియ్యం కొంగున కట్టుకుని సింహాచలమ్మ గుమ్మం తొక్కింది.

"వదినా, ఈ నెల దేవుడు పస్తుంటాడు. పిల్లలకి ఒండుదాం."

మర్నాటి నుంచి సింహాచలమ్మా పిడికెడు తీసింది. ఆపైన వాడంతా తీసింది. సమ్మె విరిగింది, ఉద్యోగాలు పోయాయి, పిడికెడు మాత్రం ఆగలేదు. ఆ బియ్యం చుట్టూ చేరిన ఆడవాళ్ళే ఈ హాలు కట్టారు. కుట్టుపని నేర్పారు, రాత్రిబడి పెట్టారు, లాక్‌డౌన్‌లో కూలి దొరకని వాళ్ళందరికీ వండిపెట్టారు. ఇందు అక్షరాలు దిద్దింది ఇక్కడే. హరిబాబు కింద బోగీలు కడిగే ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నదీ ఇక్కడే. వాడికి హాలుతో పనేమిటి? వాళ్ళు కూడే చోటు లేకుండా చెయ్యాలి, అంతే.

ఇందు స్కూటరు దిగింది. తల దించుకుని వస్తుందనుకుంది సింహాచలమ్మ. అలా రాలేదు. ఇది రైల్వే జాగా అనీ, ఎప్పటికైనా కూలుస్తారనీ, హరిబాబు గారు తన మేడ మీద ఆడవాళ్ళకి ఓ గది ఇస్తామన్నారనీ, దానికి తనే సెక్రటరీ అనీ చెప్పుకుపోయింది. ఆ గదిలో మా సంఘాన్ని కూడనిస్తాడా అని బోగీలు కడిగే డయానా నిలదీసింది. ఇందు వినిపించుకోనట్టు హెల్మెట్ తుడుచుకుంది.

"తాళం సేతిలో ఎట్టినప్పుడు ఏటికే అని అడిగినామా, ఇందూ?" అంది సింహాచలమ్మ.

"అడగలేదత్తా. అడగాల్సింది."

సింహాచలమ్మకి హరిబాబు మీద కోపం కూడా రాలేదు. వాడు పగవాడు, పగవాడి పని చేశాడు. తను ముద్దలు కలిపి పెట్టిన నోరు ఇంత మాట అంది. అందరి సొత్తునీ ఒక్కతె అమ్ముకోవడానికి వీలిచ్చిన కట్టుబాటు తమదేనని తెలిసొచ్చి సిగ్గుపడింది.

ఆడవాళ్ళు కీచులాడుకున్నారు. కొందరు కోర్టన్నారు. అయిందేదో అయింది, ఇళ్ళకి పోదామంది మీనాకుమారి. సింహాచలమ్మ కాలవలోకి దిగి గుండిగ లాక్కొచ్చింది. పంపు కింద తోమి, గేటుకి అడ్డంగా మూడు ఇటుకల మీద పెట్టింది.

"తాళం ఆడికాడుంటే ఉండనీ. బియ్యం తెండి."

తెచ్చారు. ఈసారి సింహాచలమ్మ ఊరికే పొయ్యనివ్వలేదు. ఒక్కొక్కరినీ ఆపి, ఏటికి తెచ్చినావని, ఎందుకోసమని అడిగింది. సంఘానికి అన్నారు, హాలుకి అన్నారు. మీనాకుమారి కూడా వచ్చి, సంఘానికే అని గొణిగింది. వర్క్‌షాపు సైరన్ మోగాక డ్యూటీ దిగిన మగాళ్ళు వచ్చి పొయ్యి చుట్టూ బైఠాయించారు. హరిబాబు ఫోను తీశాడు.

పోలీసు వ్యాను వచ్చింది. ఉఠున్ మాషీ, లేవండి పిన్నీ అంటూ బెంగాలీ ఆడ కానిస్టేబుళ్ళు సింహాచలమ్మ రెక్క పట్టుకున్నారు. ఆమె గరిటె డయానా చేతికిచ్చి లేచింది. వ్యాను మెట్టు మీద కాలు పెట్టేసరికి మలంచా పేట వైపునుంచి ఓ టోటో రిక్షా వచ్చి ఆగింది. ఇందు ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో గడప దాటని కృపమ్మ అందులోంచి దిగింది. కొంగున మూట. "అమ్మా, నువ్వెందుకు వచ్చినావు?" అని ఇందు అడ్డం వచ్చింది. కృపమ్మ ఆమెని తప్పించుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.

సింహాచలమ్మ మెట్టు మీదే ఆగింది. కృపమ్మనీ అడిగింది.

"ఏటికి తెచ్చినావు వదినా?"

"నా కూతురి మీదికి."

బియ్యం గుండిగలో పోసి, కొంగు దులుపుకుని, కృపమ్మ వ్యాను దగ్గరికి వచ్చింది. ఎక్కలేకపోతుంటే సింహాచలమ్మ చెయ్యందించింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పట్టుకున్న చెయ్యి సింహాచలమ్మ వదల్లేదు.

వ్యాను కదిలింది. వెనక డయానా వరసలో తర్వాతి మనిషిని ఆపి అడుగుతోంది, ఏటికి తెచ్చినావని.