పది నిమిషాల వేగం

తెర మీద ఇంటర్నెట్ వేగం చూపే ముల్లు నాలుగు వందల ఎనభై ఆరు దగ్గర నిలవగానే ఓక్ చాంగ్‌బే ల్యాప్‌టాప్‌ను ఇంటాయన వైపు తిప్పాడు, ఫొటో తీశాడు, ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టించుకున్నాడు. ఇంటాయన ఇంకా అంకె చూసి తలాడిస్తూండగానే వైర్లన్నీ సంచిలోకి వెళ్ళిపోయాయి. ఈ పనంతా అతను ఒంటి మోకాలి మీద చేస్తాడు. రెండో కాలు ఎప్పుడూ లేవడానికి సిద్ధంగా ఉంటుంది.

"కాఫీ తాగి వెళ్ళండి," అన్నాడు ఇంటాయన.

"వద్దండీ, ఇంకో ఇల్లుంది. గంటలో ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. ఐదుకి ఐదు అని ఒక్క మాట చెప్పండి చాలు."

నడుము సగానికి వంచి, వెనక్కి నడుస్తూ, గుమ్మం దగ్గర బూట్లలోకి కాళ్ళు దూర్చేశాడు. మడమల దగ్గర తొక్కి తొక్కి ఆ బూట్లు ఏనాడో చెప్పులైపోయాయి. మెట్ల మీదికి వచ్చాక గడియారం చూసుకున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. ఇంకా ఆరున్నాయి.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ఇరవై నాలుగు బుసాన్‌లోని యంగ్‌దో దీవి మెట్లెక్కి దిగడంలోనే గడిచాయి. పిక్కలు చూస్తే పాతికేళ్ళవాడు, ముఖం చూస్తే డెబ్భై. వైరు చివరలు ఒలిచి ఒలిచి కుడి బొటనవేలి గోరు నల్లబడి నిలువునా చీలింది. నలుగురిలో నిలబడితే లెక్కకు రాని మనిషి. ఆఫీసు వాళ్ళు ఏటా తీసే గ్రూపు ఫొటోలన్నిటిలోనూ ఉన్నాడు గానీ ఒక్కదాంట్లోనూ ముఖం పూర్తిగా కనబడదు.

ఉద్యోగం కూడా పూర్తిగా అతనిది కాదు. చొక్కా మీద పెద్ద కంపెనీ పేరుంటుంది. పనిలో పెట్టుకున్నది మాత్రం దాని కింద ఉన్న చిన్న కాంట్రాక్టు కంపెనీ, అదీ ఏడాదికొక కొత్త కాగితం మీద. ఆ కాగితం రావాలంటే ఏడాది మొత్తంలో కస్టమర్లు వేసే చెడ్డ మార్కులు మూడు కాకూడదు. చాంగ్‌బేకి అప్పటికే రెండున్నాయి. ఒకటి కుక్క తోక తొక్కినందుకు పడింది. రెండోది ఒక తాతగారు ఐదు నొక్కబోయి రెండు నొక్కినందుకు. ఇది డిసెంబరు. వచ్చే ఏడాదికి ఉంచుకునేవాళ్ళ జాబితా శుక్రవారం వస్తుంది. అరవై దాకా లాగితే చాలని అతని కోరిక. ఆ తర్వాత ఏం చేస్తాడో అతనికే తెలియదు, కానీ ఇప్పుడే పొమ్మంటే మాత్రం ఎక్కడికి పోవాలో తోచదు.

ఇక పది నిమిషాల సంగతి. ప్రకటనల్లో అందరికీ చెప్పేది ఐదొందల ఎంబీ. కొండ మీది పాత మేడల్లో నలభై ఇళ్ళకి కలిపి వేసిన దారి ఒక్కటే. అమ్మింది మాత్రం నలభై దారులు. మామూలప్పుడు ఇంటికి తొంభై వస్తే గొప్ప. అందుకని వేగం కొలిచే ముందు కంట్రోల్ రూముకి ఫోన్ చేయాలి. అక్కడి అమ్మాయి "తీశాను" అంటుంది. మిగతా ముప్ఫై తొమ్మిది ఇళ్ళని పక్కకి నెట్టి, ఈ ఒక్క ఇంటికే దారి వదులుతారు. పది నిమిషాల తర్వాత అదే మూసుకుంటుంది. ఆఫీసులో దీన్ని పరీక్ష అంటారు. మోసం అన్న మాట ఎవరి నోటా రాలేదు. చాంగ్‌బే కూడా చాలాకాలం అది నిజంగా పరీక్షేననుకున్నాడు. ఏడేళ్ళ కిందట ఒకింట్లో గొడుగు మరిచిపోయి వెనక్కి వెళితే, ఆ ఇంటి కంప్యూటరు తెర మీద వేగం తొంభై రెండని కనబడింది. అది చూడని ఆ ఇంటాయన గొడుగు చేతికిస్తూ మళ్ళీ మళ్ళీ థాంక్స్ చెప్పాడు. ఆ రోజు నుంచి చాంగ్‌బే ఎవరింట్లోనూ కూర్చోలేదు.

అంతకు ముందు హాయిగా కూర్చునేవాడు. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, అతను వైరు పెట్టడమే ఆలస్యం, ఇంటిల్లిపాదీ కంప్యూటరు చుట్టూ చేరేవారు. మొదటి బొమ్మ కనబడగానే చప్పట్లు కొట్టి పుచ్చకాయ కోసేవారు. అతనికే పెద్ద ముక్క. ఇప్పుడు కూర్చోకపోవడం ఒంటికి పట్టేసింది. మేనకోడలి పెళ్ళిలో భోజనం కూడా గోడవార నిలబడే కానిచ్చాడు. ఇంట్లో సింకు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడి తింటూంటే భార్య ఇన్‌సుక్‌కి ఒళ్ళు మండుతుంది. "ఇది కస్టమరిల్లు కాదు, కూర్చోవయ్యా మహానుభావా! ఇక్కడ నిన్నెవరూ పట్టుకోరు," అంటుంది. ఎందుకు కూర్చోడో ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం వర్షం పట్టుకుంది. మెట్ల పక్క కొట్లో నిలబడి పుల్లకి గుచ్చిన చేపముద్ద నములుతూంటే టీం లీడర్ బ్యోన్ ఫోన్ చేశాడు. బ్యోన్‌కి నలభై ఉంటాయి. చాంగ్‌బేని పెద్దాయనా అంటాడు, గౌరవానికో వెటకారానికో తెలియదు.

"పెద్దాయనా, తర్వాతి ఇల్లు జాగ్రత్త. గూ మాల్‌సున్ అని అరవై ఏడేళ్ళ ముసలావిడ. మూడు నెలల్లో ఇది నాలుగో కంప్లయింటు."

"నాలుగా?"

"ముగ్గుర్ని పంపాను. ముగ్గురూ ఐదొందలు చూపించి వచ్చారు. మామూలు మనిషైతే అక్కడితో ఊరుకోదూ? నాకెందుకో హెడ్డాఫీసు పెట్టిన మనిషేమోనని అనుమానం. మనం ఎలా పని చేస్తున్నామో చూడ్డానికి కస్టమర్లలా మనుషుల్ని పెడుతున్నారట."

"అరవై ఏడేళ్ళావిడనా?"

"నవ్వకు. ఫొటో, సంతకం, బయటికి. కూర్చోవద్దు."

"నేనెప్పుడు కూర్చున్నానయ్యా!"

ఫోన్ పెట్టేశాక చాంగ్‌బేకి బ్యోన్ మీదే అనుమానం వచ్చింది. ముగ్గురు వెళ్ళి వచ్చిన ఇంటికి నాలుగోవాడిగా తననే ఎందుకు పంపుతున్నాడు? రెండు మార్కులు పడింది తనకే కదా. మూడోది అక్కడ పడితే శుక్రవారం జాబితాలో ఒక పేరు తగ్గించడం తేలిక. చేపముద్ద రుచి తెలియకుండానే గొంతు దిగింది.

గూ మాల్‌సున్ ఇల్లు నాలుగో అంతస్తు. మెట్ల మీదికే ఎండు నెత్తళ్ళ వాసన కొడుతోంది. తలుపు తీసినావిడ పొట్టిగా, వెడల్పుగా, రబ్బరు ఏప్రన్‌తో ఉంది. ముంజేతులు పడవ లాగేవాళ్ళ చేతుల్లా ఉన్నాయి. పెదాలకి మాత్రం ఎర్రటి లిప్‌స్టిక్. గదిలో గుండ్రటి పెద్ద దీపం, దాని మధ్యలో స్టాండుకి బిగించిన ఫోను, దాని కెమెరా తిన్నగా గుమ్మం వైపు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలావిడకి లిప్‌స్టిక్కేమిటి, ఈ దీపాలేమిటి! ఇంకేం అనుమానం, హెడ్డాఫీసే అనుకున్నాడు చాంగ్‌బే.

"ఆ కెమెరా ఎందుకమ్మా?" అన్నాడు బూట్లు విప్పుతూ.

"అది నా దుకాణం. నలభై ఏళ్ళు జగల్చి మార్కెట్లో చేపలమ్మాను. మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి ఇందులో లైవ్ పెట్టి ఎండుచేపలమ్ముతున్నా. నిన్న నూట ముప్ఫై మంది చూస్తున్నారయ్యా! నెత్తల్ని విరిచి నోట్లో వేసుకుంటున్నానా, బొమ్మ ఆగిపోయింది. ఇంత నోరు తెరుచుకుని! మళ్ళీ కదిలేసరికి పన్నెండు మంది మిగిలారు. ఆ పన్నెండు మందీ నా నోరు చూసి నవ్వడానికి ఉన్నవాళ్ళే."

చాంగ్‌బే నవ్వలేదు. హెడ్డాఫీసు వాళ్ళు కథలు బాగానే అల్లుతారనుకుని, ఒంటి మోకాలి మీద వంగి, రౌటర్‌కి ల్యాప్‌టాప్ తగిలించి, కంట్రోల్ రూముకి ఫోన్ చేశాడు. "తీశాను," అంది అమ్మాయి. ముల్లు లేచింది. నాలుగు వందల తొంభై ఒకటి. ఫొటో తీసి ట్యాబ్ అందించాడు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

"పెడతా. టీ తాగు."

"వద్దమ్మా, ఇంకో ఇల్లుంది."

"ముందొచ్చిన ముగ్గురికీ ఇంకో ఇల్లే ఉంది," అంది మాల్‌సున్.

సంతకం లేకపోతే పోయిందని సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. అక్కడ బూట్లు లేవు. అతను వైరు తగిలిస్తున్నప్పుడు వెనక ఏదో చప్పుడైంది, పట్టించుకోలేదు.

"బూట్లేవమ్మా?"

"తడిసి ముద్దయ్యాయి. లోపలి గదిలో హీటరేసిన నేల మీద ఆరబెట్టా. పావుగంటలో ఆరిపోతాయి." లోపలి గది గుమ్మానికి అడ్డంగా నెత్తళ్ళ బుట్ట పెట్టుకుని ఆవిడ అప్పటికే కూర్చుంది. పొయ్యి మీంచి దింపిన బార్లీ టీ గ్లాసులో పొగలు కక్కుతోంది. గటగటా తాగడానికి వీల్లేనంత వేడి.

చాంగ్‌బే మణికట్టు తిప్పి చూసుకున్నాడు. గడియారంలో ఆరు నిమిషాలు దాటాయి. ఒట్టి సాక్సులతో వర్షంలో నాలుగంతస్తులు దిగుదామా అని కూడా అనుకున్నాడు. ఫోన్ బయటికి తీశాడు. కంట్రోల్ రూముకి ఇంకోసారి చేస్తే ఇంకో పది నిమిషాలు తీస్తారు. టీ చల్లారుతుంది, బూట్లు ఆరుతాయి, ఆవిడ సంతకం పెడుతుంది, శుక్రవారం గడిచిపోతుంది. వేలు అంకె మీద ఉంది.

"నేను చేపలమ్మినదాన్ని," అంది మాల్‌సున్, అతని వేలినే చూస్తూ. "కాటాలో వేయగానే చేప తుళ్ళుతుంది. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. అప్పుడు బరువు చెబితే జగల్చిలో తన్ని పంపిస్తారు. అది ఆగేదాకా చూడాలి. నేనూ చూస్తా. నీకు తొందరైతే ఆ ఫోన్ చేసుకో."

ఇలా మాట్లాడే మనిషిని ఏ ఆఫీసూ తయారు చేయలేదని చాంగ్‌బేకి అప్పుడు తెలిసింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సంచి దించాడు. రెండు మోకాళ్ళూ మడిచి, ల్యాప్‌టాప్ పక్కన నేల మీద కూర్చున్నాడు. నేల వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం నడుములోకి పాకుతూంటే ఎందుకో కళ్ళు మండాయి.

ఇద్దరూ తెర చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ముల్లు ఒక్కసారి వణికి, మూడొందలకి, అక్కడి నుంచి నూట యాభైకి, చివరికి ఎనభై ఎనిమిదికి దిగి అక్కడే నిలిచింది.

"ఆగింది," అంది మాల్‌సున్. కోపం లేదు గొంతులో. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడేళ్ళు."

"ఏడేళ్ళు! అన్నం ఎలా దిగిందయ్యా?"

చాంగ్‌బేకి సిగ్గేసింది. ట్యాబ్‌లో నాలుగు వందల తొంభై ఒకటి కొట్టేసి ఎనభై ఎనిమిది వేశాడు. "వేగం తక్కువ. కస్టమర్ ఒప్పుకున్నారా?" అని అడిగింది ట్యాబ్. మామూలుగా ఆ "అవును" టెక్నీషియన్లే నొక్కేస్తారు. అతను "లేదు" నొక్కి ఆవిడకిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది.

ఆ అంకె ఆఫీసుకి వెళ్ళిన మూడో నిమిషంలోనే ఆవిడ ఫోన్ మోగింది. ఆఫీసు అమ్మాయి. మాల్‌సున్ స్పీకర్ పెట్టింది.

"ఈరోజు సేవకి ఒకటి నుంచి ఐదు దాకా ఎంత వేస్తారండీ?"

"మనిషికా, లైనుకా?"

"అన్నిటికీ కలిపి ఒకటే అంకెండీ."

మాల్‌సున్ ఫోన్‌ని అరచేత్తో మూసి చాంగ్‌బే వైపు తిరిగింది. "ఐదేస్తే?"

"సమస్య తీరిందని మూసేస్తారు. నేను వేసిన ఎనభై ఎనిమిది ఎవరూ చూడరు."

"ఒకటేస్తే?"

"పై ఆఫీసుకి పోతుంది. చూడక తప్పదు. ఈ మేడకి కొత్త లైను లాగక తప్పదు."

"నీ మాటేమిటి?"

"ఇది మూడోది. మూడైతే పనిలోంచి తీసేస్తారు."

ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. "జాలిపడి ఐదేస్తానని చెబుతున్నావా?"

"కాదమ్మా. అడిగారని చెప్పాను. ఒకటే వేయండి."

"అమ్మా, వినబడుతోందా?" అంది ఫోన్.

మాల్‌సున్ అతని ముఖాన్ని కాటా చూసినట్టు చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి తీసి, "ఒకటి," అంది. "మనిషి మాత్రం మంచోడని రాసుకో."

"అది రాయడానికి చోటు లేదండీ," అంది అమ్మాయి.

చాంగ్‌బే టీ మొత్తం తాగాడు. ఆవిడ కాల్చి పెట్టిన ఎండుచేప తిన్నాడు. జేబులో ఫోన్ బ్యోన్ పేరుతో నాలుగుసార్లు మోగి ఊరుకుంది. భయం పోలేదు, కానీ లేచి పరిగెత్తాలని మాత్రం అనిపించలేదు. బూట్లు ఆరాక, సంచి అడుగు నుంచి ఒక స్టికర్ తీశాడు. టెక్నీషియన్ పేరూ, ఫోన్ నంబరూ ఉన్న స్టికర్. ఏ ఇంటి నుంచీ మళ్ళీ పిలుపు రాకూడదని ఏడేళ్ళుగా అవి అతికించడం మానేశాడు. దాన్ని రౌటర్ మీద అంటించి, పేరు కింద బాల్‌పెన్నుతో ఆనాటి తేదీ, ఎనభై ఎనిమిదీ రాశాడు.

శుక్రవారం జాబితాలో అతని పేరు లేదు. చొక్కా, ట్యాబ్, ఆఫీసు ఫోను ఇచ్చేసి ఇంటికి వచ్చాడు. ఇన్‌సుక్ కారణం అడిగింది. ఏడేళ్ళ సంగతీ చెప్పాడు. ఆవిడ చాలాసేపు తిట్టింది, అతన్ని కాదు.

ఫిబ్రవరిలో ఆ మేడకి కొత్త ఫైబరు వచ్చింది, నలభై ఇళ్ళకీ. కొత్త పెట్టె బిగించినవాణ్ణి మాల్‌సున్ బూట్లు దాచి గంటసేపు కూర్చోబెట్టింది. ముల్లు నాలుగు వందల ఎనభై దిగలేదు. ఆ కబురు చెబుదామని స్టికర్ మీది నంబరుకి చేస్తే వేరే గొంతు పలికింది. ఓక్ చాంగ్‌బే అన్న మనిషెవరూ ఇక్కడ లేరంది. పాత రౌటర్ పెట్టె ఆఫీసుకి తిరిగివ్వాలని కొత్తవాడు అడిగితే, పారేశానని చెప్పింది. వైరు లేని ఆ పెట్టె సాయంత్రం ఆరింటి లైవ్‌లో, ఆవిడ భుజం వెనక, నెత్తళ్ళ డబ్బాల పక్కన కనబడుతూ ఉంటుంది. దాని మీద ఒక పేరు, పేరు కింద నీలం బాల్‌పెన్నుతో ఎనభై ఎనిమిది.