ఎర్ర జుట్టు పిల్ల

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే. నేను ఇంట్లో లేని ఏదో ఒక పూట మా అత్త నా కూతురి తలకి రంగు వేసేస్తుందని. పిల్లకి జ్వరం వస్తుందనీ, ఆటో గుద్దేస్తుందనీ, గొంతులో వేరుశనగ గింజ అడ్డం పడుతుందనీ కూడా భయపడతాను, అది నా గుణం. కానీ వాటికి దేవుడి మీద భారం వేయొచ్చు. ఇది మాత్రం స్టీలు గిన్నెలో కలిపి, పాత పళ్ల బ్రష్షు ముంచి, ఇంట్లోవాళ్లే ప్రేమగా చేసే పని.

మా పిల్ల పేరు అరుణశ్రీ. నాలుగేళ్లు నిండాయి. జుట్టు ఎర్రగా ఉంటుంది, చింతపండుతో తోమిన రాగి చెంబులా. నాదీ అదే రంగు. కళింగపట్నం అవతల, సముద్రం ఒడ్డున మా ఊళ్లో సగం మంది ఆడపిల్లలది అంతే. ఉప్పుగాలికి అలా అవుతుందంటారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్లు తిరిగిన మా అమ్మ, ఎండకే తన జుట్టు అలా కాలిపోయిందంటుంది. అరుణశ్రీ పుట్టింది అరసవల్లిలో. సముద్రాన్ని ఇప్పటికి రెండుసార్లు చూసింది, అదీ నా చంకనెక్కి. మరి దానికెలా వచ్చింది? "ఎలాగొస్తాదేటి, నీ కడుపున పుట్టింది కాబట్టి వచ్చింది," అని అత్తే తేల్చేసింది. ఈ ఇంట్లో నాదని అందరూ ఒప్పుకున్నది ఆ రంగొక్కటే.

అత్తవాళ్లకి గుడికి వెళ్లే రోడ్డులో, ఇంటి ముందే కొట్టుంది. పూజ సామాను, గాజులు, క్లిప్పులు, షాంపూలు, దండల్లా వేలాడే డై ప్యాకెట్లు. నా మొగుడు యుగంధర్ అప్పట్లో చిన్న కొట్లకి సరుకు వేయడానికి బండి మీద మా ఊరు వచ్చేవాడు. నేను ఇంటరు మొదటి సంవత్సరం సగంలో పుస్తకాలు మడిచేసి ఆ బండి ఎక్కాను. పెళ్లయిన మూడో రోజు అత్త నన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, తలంతా నల్లగా పూసింది. "మా సుట్టాలు సూడగానే పట్టేస్తారే. ఈ ఎర్ర జుట్టేటి, సేపలోలమ్మాయేటి అంటారు. కొట్టోలింటి కోడలు కొట్టోలింటి కోడల్లాగుండాల." ఆ రోజే నా పేరు కూడా మార్చింది. చిన్నతల్లి పోయి అనూరాధ వచ్చింది. పేరు మారమంటే మారిపోయింది. జుట్టే మాట వినలేదు. నెల తిరిగేసరికి పాపిట దగ్గర మళ్లీ ఎర్రగా తోసుకొచ్చేది, మళ్లీ పీట, మళ్లీ తువ్వాలు.

కొట్లో కూర్చునేది నేను. పొద్దున్న వంట చేసి, పిల్లని చంకన వేసుకుని తొమ్మిదింటికి షట్టరు ఎత్తేది నేను. ఎవరైనా అడిగితే మాత్రం యుగంధర్, "కొట్టు మా అన్నదమ్ములం సూసుకుంటన్నాం," అంటాడు. బేరాలు లేనప్పుడు ప్యాకెట్ల వెనక అక్షరాలు చదువుతాను. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకి ఏది దొరికితే అది చదివే రోగం ఉంటుంది. డై ప్యాకెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాలుంటాయి. ముందుగా ఒంటి మీద ఒకచోట కాస్త రాసి రెండు రోజులు చూడాలట. దురద వస్తే వాడకూడదట. పిల్లలకి అసలు పెట్టకూడదట. అత్తకి చదివి వినిపించాను. "పేకెట్టు మీద రాసిందల్లా నమ్మితే మన కొట్లో ఏటీ అమ్మలేం," అంది.

నాకు మొదట్లో దురదే ఉండేది. తర్వాత నుదురు పొక్కడం మొదలైంది. పోయిన నెల రెండు రెప్పలూ పూరీల్లా పొంగి కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి బరువెక్కింది. డాక్టరమ్మ సూది వేసి, "ఇంకొకసారి పెట్టావంటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లకీ నీ ఒంటి తత్వమే వచ్చి ఉండొచ్చు, దాని దగ్గరికి కూడా రానీకు," అంది. ఇంటికొచ్చాక యుగంధర్ కాసేపు ఆలోచించి, "అయితే ముందు మాత్రేసుకో. తరవాత రంగేసుకో," అన్నాడు. వెటకారం కాదు. ఉపాయం దొరికిందని నిజంగా సంతోషించాడు.

రేపు ఆదివారం. మా మరిది ఈశ్వర్‌కి కుదరబోయే సంబంధంవాళ్లు ఇల్లు చూసుకోవడానికి విజయనగరం నుంచి వస్తున్నారు. దానికోసం ఈశ్వర్ మొన్న సెలూన్‌కి వెళ్లి ముందు జుట్టుకి రంగు వేయించుకొచ్చాడు. ఏ రంగు అనుకున్నారు? రాగి రంగు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. అత్త వాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "హీరోలాగున్నావురా," అంది.

"అత్తా, అది మా అరుణశ్రీ జుట్టు రంగే కదా," అన్నాను.

"ఇది స్టైలు. అది పుట్టుక," అంది అత్త.

"వొదినకి కుళ్లు," అన్నాడు ఈశ్వర్ అద్దంలో చూసుకుంటూ.

ఇవాళ పొద్దున్న అత్త నన్ను బజారుకి పంపింది. రేపటికి జీడిపప్పూ, కొత్త కాఫీ గ్లాసులూ కావాలట. "పిల్లనొగ్గేసి ఎల్లు. ఎండకి కందిపోద్ది," అంది. సరే అని ఆటో ఎక్కాను. ఏడు రోడ్ల జంక్షన్ వచ్చేసరికి ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈ నాలుగేళ్లలో ఏ రోజైనా ఆ మనిషి నా పిల్ల ఎండకి కందిపోతుందని అందా? గ్లాసులూ లేవు, జీడిపప్పూ లేదు. అదే ఆటోని వెనక్కి తిప్పించాను.

పెరట్లో పీట మీద అరుణశ్రీ కూర్చుంది. మెడకి తువ్వాలు. గిన్నెలో రంగు కలిపేసి ఉంది. బ్రష్షు అత్త చేతిలో ఉంది, ఇంకా తలకి తగల్లేదు. పిల్ల ఏడుస్తూ ఉంటుందనుకుంటూ పరిగెత్తాను. అది నవ్వుతోంది.

"అమ్మా! నాన్నమ్మ నాకు నీ జుట్టు పెడతాది!"

"నా జుట్టేటే?"

"నీది నల్లగున్నాది, నాదెర్రగున్నాది కదా. రంగేస్తే నేను అమ్మ పిల్లలాగుంటానంట."

పుట్టిన దగ్గర్నుంచీ నా పిల్ల నా అసలు జుట్టు చూడలేదు. పాలు తాగుతూ పిడికిట బిగించి లాగినది నా జుట్టు కాదు, మా కొట్లో ప్యాకెట్టు. నా నుంచి దానికి వచ్చినది నాదని దానికి తెలియకుండా నాలుగేళ్లుగా నేనే నెలనెలా దాచిపెట్టాను. మొదటిసారి అత్త పూసింది నిజమే. కానీ తర్వాత తర్వాత, అత్త అరవకముందే నేనే గిన్నె తెచ్చుకుని అద్దం ముందు కూర్చునేదాన్ని. పేచీ ఎందుకని. ఆ రంగులో బాగున్నావని యుగంధర్ ఒకసారి అన్నాడని కూడా. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియనంత కోపం వచ్చింది.

బ్రష్షు లాక్కోలేదు, అరవలేదు. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచి పాపిట విడదీశాను. నెల రోజులుగా రంగు పడలేదు కదా, గోరంత మేర ఎర్రగా వచ్చింది.

"సూడు. ఇదేటి రంగు?"

అది వేలితో తడిమింది. తన జడ ముందుకు లాక్కుని, నా పాపిట పక్కన పెట్టి చూసింది. కళ్లు పెద్దవయ్యాయి.

"నాదే! నా జుట్టు నీకెవలిచ్చారమ్మా?"

"నేనే నీకిచ్చానే," అన్నాను.

తువ్వాలు విప్పి, గిన్నె తీసుకెళ్లి కాలవలో ఒంపేశాను. అత్త కేకలకి యుగంధర్ కొట్లోంచి వచ్చాడు. "నీ పెళ్లానికి మదమెక్కింది. రేపు ఆలున్నంతసేపూ ఇదీ దీని పిల్లా మేడ మీదే ఉండాల, సెప్పు," అంది అత్త.

"ఒక్క పూటే కదే," అన్నాడు యుగంధర్ నాతో. "జుట్టు కోసం ఇంత గొడవేటి?"

"జుట్టు కోసం గొడవ పెట్టింది నేను కాదు. రేపు కిందే ఉంటాం ఇద్దరం. ఏ ఊరని అడిగితే మా ఊరే చెప్తాను. పేరడిగితే చిన్నతల్లి అంటాను."

అతను నా మొహంలోకి చూశాడు. ఏదో పెద్ద మాటే అంటాడనుకున్నాను. "మరి ఆలకి కాఫీలెవలిస్తారు?" అన్నాడు.

"నేనే ఇస్తాను," అన్నాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ సాయంత్రం ఐదింటికి కొట్లో కూర్చున్నాను. అత్త వెనక స్టూలు మీద కూర్చుని నాతో మాట్లాడకుండా, నా గురించి గోడకి చెబుతోంది. అప్పుడు ఒకామె వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ల పిల్ల. రెండు జడలు, ఆకుపచ్చ రిబ్బన్లు. జుట్టు ఎర్రగా ఉంది.

"పంద్రాగస్టుకి బళ్లో డేన్సమ్మా. అందరికీ జడలు నల్లగుండాలని మేస్టరమ్మ అన్నాది. ఒక పేకెట్టియ్యి."

"పిల్లకా?" అన్నాను.

"పిల్లకే."

"ఇయ్యవేటి? అలా సూస్తావేటి?" అంది అత్త వెనక నుంచి.

ఆ ప్యాకెట్టు వెనక రాసినదంతా నా నాలుక మీద ఉంది. డాక్టరమ్మ చెప్పిందీ ఉంది. కానీ ఒక రోజుకి ఒక గొడవ చాలనుకున్నాను. రేపటికి కాస్త ధైర్యం మిగుల్చుకోవాలనుకున్నాను. దండలోంచి ఒకటి తెంపి ఇచ్చాను. పిల్ల దాన్ని రెండు చేతులతో అందుకుంది. తల్లి నా పాపిట వైపు చూసి, "నువ్వు మా వైపు పిల్లవేనేటమ్మా?" అంది. అత్త దగ్గింది. నేను చిల్లర లెక్క చూస్తున్నట్టు తల దించుకున్నాను.

తల ఎత్తేసరికి వాళ్లు మెట్లు దిగిపోయారు. అప్పుడు లేచి పరిగెత్తాను. గుడి దగ్గర ఆటోలు, జనం. ఏ ఆటో ఎక్కారో తెలియలేదు. సముద్రం వైపు, గారకి వెళ్లే ఆటోలన్నింటిలోకీ తొంగి చూశాను. లేరు.

నా పిల్లని కాపాడుకుని, సరిగ్గా నా పిల్లలాంటి పిల్లకే అమ్మాను. రేపు విజయనగరంవాళ్ల ముందు నేను చెప్పబోయే మాట చెప్తాను, అందులో మార్పు లేదు. అది నా చేతిలో ఉంది. ఇది నా చేతిలో లేదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు సముద్రం వైపు ఊళ్లలో ఉంటే, మీ వీధిలో పంద్రాగస్టు డాన్సుకి తయారవుతున్న పిల్లల్లో ఆ పిల్ల ఉందేమో ఒకసారి వెళ్లి చూడండి. ఇంకా వేయకపోతే వేయొద్దని వాళ్లమ్మకి చెప్పండి. వేసేసి ఉంటే రెప్పలు వాచాయేమో, ఊపిరి సరిగ్గా ఆడుతోందో చూడండి, ఏమాత్రం తేడాగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పేరు నేను అడగలేదు. మీరు అడగండి.