కారు కింద అట్టముక్క

కారు కడుగుతూ కాళ్ల కింది మ్యాట్ ఎత్తితే నేల కనిపించింది. కారు నేల కాదు, మా వాకిట్లో సిమెంటు నేల. డ్రైవరు సీటు ముందు రేకును అరచెయ్యంత మేర తుప్పు తినేసింది.

ఆ కారు మా ఆవిడది. తను పోయాక నేను నడుపుతున్నాను గానీ, తన ఎత్తుకు తగ్గట్టు ముందుకు జరిపి ఉన్న సీటును మాత్రం కదల్చలేదు. మోకాళ్లు స్టీరింగుకు తగులుతూ ఉంటాయి. మిడత కారు నడుపుతున్నట్టుందని మా అమ్మాయి నవ్వుతుంది.

మా బావమరిదికి కార్ల రేకుపని షెడ్డు ఉంది. అది మామగారు పెట్టిందే. మా ఆవిడ ఆ సుత్తి దెబ్బల మధ్యే పెరిగింది. కారు అక్కడికి తీసుకెళ్లాను. అతను వంగి లోపలికి చూసి, "ఇంజను మీద వచ్చావా బావా, కాళ్లతో తోసుకొచ్చావా?" అన్నాడు.

కిందకి వంగి ఇంకోసారి చూశాక మాత్రం నవ్వలేదు. నేల రేకుదేముంది, కోసేసి కొత్తది అతకొచ్చట. దాని కింద పొడవునా వెళ్లే బోలు ఉక్కు దూలం బాగుండాలట. కారు బరువంతా దాని మీదే. అది కుళ్లి ఉంటే ఇక తుక్కుకు వెయ్యడమే.

"అక్క కారని మొహమాటానికి పోయి అబద్ధం చెప్పను. ఇందులో నా మేనకోడలు కూడా ఎక్కుతుంది" అన్నాడు.

చెప్పొద్దనే అన్నాను.

దూలాన్ని పరీక్షించడానికి మామగారిదొక పద్ధతి ఉండేది. స్క్రూడ్రైవరు పిడితో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది అట్టపెట్టెలా పలుకుతుంది. ఆ తట్టుతున్నంతసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు, పని చెయ్యకూడదు. బావమరిది కారు కిందకి దూరగానే గ్రైండర్లు ఆగిపోయాయి. రంగులు కలిపే ఆయన కలిపే కర్రను అలాగే గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో నా వెనక స్టూలు జరిపారు. ఆ వేళ అదే పదివేలు.

ముందు చక్రం దగ్గర ఖంగుమంది. ఇంకాస్త ఇవతల కూడా ఖంగుమంది. చిల్లు కిందకి వచ్చేసరికి శబ్దం మారింది. టప్పుమని, మందంగా. మళ్లీ తట్టాడు. మళ్లీ అదే.

బయటికి వెళ్లేటప్పుడు మా ఆవిడ పర్సుతో పాటు కారు తాళంచెవి తీసుకునే చప్పుడు ఎందుకో గుర్తొచ్చింది.

కారు కింద చాలాసేపు గీకిన చప్పుడు. తర్వాత బావమరిది బయటికి వచ్చి, మిషను గ్రీజులా చిక్కటి నలుపు అంటిన వేలు వాసన చూసుకున్నాడు.

"అక్క దీన్లో పాత ఇంజన్ ఆయిల్ పోసేదా?"

పోసేది. ఆయిల్ మార్పించినప్పుడల్లా పాతది సీసాలో తెచ్చుకుని, కారు కింద పడుకుని, తుప్పు పట్టకుండా దూలం కన్నాల్లోకి ఎక్కించేది. ఆ తర్వాత వారం దాకా వాకిట్లో నల్లటి చుక్కలు. నేను సణుక్కుంటూ కారు కింద అట్టముక్కలు వేసేవాణ్ణి. తలుపు బందులకు నూనె వెయ్యమా, ఇదీ అంతేననేది.

"నాన్న నాకూ నేర్పాడు. నాలుగు కార్లకు పోసి మానేశాను" అన్నాడు బావమరిది. "అక్క మానలేదు. మొండిఘటం."

ఆ నలుపు మందంగా పేరుకుని శబ్దాన్ని మింగేసిందట. గీకినచోట లైటు వేసి చూపించాడు. లోపల ఇనుము కొత్త గరిటెలా మెరుస్తోంది. మళ్లీ తట్టాడు.

ఖంగుమంది.

గ్రైండరు మొదలైంది. అంత కర్ణకఠోరమైన చప్పుడు నాకంత హాయిగా ఎప్పుడూ వినిపించలేదు. స్టూలు మీద వెనక్కి వాలబోయి, దానికి వెనక ఆనుకునేది లేదని ఆఖరు క్షణంలో గుర్తు తెచ్చుకున్నాను.

అయితే నూనె ఉన్నచోట వెల్డింగు పెడితే మంట అంటుకుంటుంది. చిల్లు చుట్టూ అంతా సబ్బునీళ్లతో తోమి ఆరబెట్టాల్సి వచ్చింది. పోయాక కూడా తన చేత చాకిరీ చేయించడం మానలేదని అక్కను తిడుతూనే తోమాడు బావమరిది. మధ్యలో మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా మసి అయింది. నేను చెప్పలేదు.

కుళ్లిన రేకు కోసి, కొత్తది అతికి, రంగు వేశాక సీటు బిగించడానికి తెచ్చి నా వైపు చూశాడు.

"ఎక్కడ ఉండనీయమంటావు? పాత చోటేనా?"

తను ఉన్న చోటు ఆ సీటు కాదని అప్పటికి నాకు తెలిసిపోయింది.

"నా కాళ్లు పట్టేలా వెయ్యవోయ్" అన్నాను.

బయల్దేరేముందు అతనే దూలంలోకి మళ్లీ నూనె ఎక్కించాడు. కాళ్లు చాపుకుని ఇంటికి వచ్చాను. కారు ఆపాక, అటక మీంచి ఒక అట్టపెట్టె దించి, చింపి, దాని కింద పరిచాను.