ఏ బండి నట్టు ఆ బండికే

ప్యాకెట్టు బల్ల మీదే ఉంది. సీలు కూడా తియ్యలేదు. లోపల పదహారు కొత్త నట్లు, కోను ముక్కువి. నిన్న సాయంత్రం నేనే తెచ్చి, పైన "వదిన కారుకి" అని గుడ్డివాడికి కూడా కనిపించేంత లావున రాసిపెట్టాను. పొద్దున స్టడ్ల కోసం, అంటే నట్లు ఎక్కే బోల్టుల కోసం, విడిభాగాల కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి వదిన కారు వెళ్ళిపోయింది. నట్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

"అన్నయ్యా, వదిన కారుకి చక్రాలు బిగించావా?"

"బిగించా. వెళ్ళి ముప్పావుగంటైంది."

"ఏ నట్లతో?"

అన్నయ్య ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తలెత్తలేదు. "ఏ నట్లేంటి? దాని నట్లే దానికి."

అది మా నాన్న పెట్టిన నియమం. చక్రం విప్పితే నట్లని ఒక రేకు గిన్నెలో వెయ్యాలి, గిన్నె మీద సుద్దతో బండి నంబరు రాయాలి, మళ్ళీ అవే నట్లు ఆ బండికే ఎక్కాలి. ఆ రోజుల్లో మంచి నట్లు నొక్కేసి అరిగినవి బిగించి పంపే షాపులు వీధికి రెండుండేవి. మా షాపుకి పేరొచ్చింది ఆ గిన్నెల వల్లే. నాన్న పోయి తొమ్మిదేళ్ళైనా గిన్నెలు పోలేదు. కానీ అది దొంగతనాన్ని ఆపడానికి పుట్టిన నియమం. చక్రమే మారిపోతే ఏం చెయ్యాలో దానికి తెలియదు. అన్నయ్యకీ తెలియదు. తెలియదని ఒప్పుకోడు, అసలు జబ్బు అదీ.

వదిన డ్రైవింగ్ నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు రోడ్డు అంచులకి గుద్ది గుద్ది కారుతో వచ్చిన చక్రాలని సొట్టలు చేసిపెట్టారు. అందుకే నాలుగు సెకండ్ హ్యాండ్ అలాయ్ చక్రాలు వేయించుకుంది. పాత చక్రాల నట్లకి గుండు ముక్కు. వాటి రంధ్రంలో ఆ ముక్కు కూర్చోడానికి గిన్నెలాంటి గుంట ఉంటుంది. కొత్త చక్రాల రంధ్రాలు గరాటులా వాలుగా ఉంటాయి. గరాటులో గోళీ వేసి చూడండి. సన్నటి గీత మేర ఆనుతుంది, అంతే. పానాకి మాత్రం గట్టిగానే తగులుతుంది. మోసం అక్కడే ఉంది. పది గుంతలు పడగానే ఆ గీత నలిగి నట్టు వదులవుతుంది, చక్రం ఆడుతుంది, ఆడే చక్రం స్టడ్డుని అటూ ఇటూ వంచి మెడ దగ్గర తుంచేస్తుంది. ఇదంతా బొమ్మ వేసి గోడకి అంటించాను. షాపులో నన్ను "నోటీసు" అని పిలిచేది అందుకే. పిలవడానికున్న ఓపిక చదవడానికి ఎవరికీ లేదు.

"అవి గుండు నట్లు అన్నయ్యా. ఆ చక్రాలకి పనికిరావు."

"మళ్ళీ మొదలెట్టావటే? ఇరవై ఏళ్ళుగా బిగిస్తున్నా. నా చెయ్యి పడ్డ నట్టు ఊడిందని ఒక్కడొచ్చి చెప్పాడా?"

"ఊడినవాడు వచ్చి చెప్పడన్నయ్యా."

ఫోను చేశాను. కట్టేసి ఉంది. ఉంటుంది మరి. పాఠం చెప్పేటప్పుడు వదిన ఫోను ఆపేసి డిక్కీలో పడేస్తుంది. అది మోగితే పక్కవాడి కాలు ఏ పెడల్ మీద పడుతుందో చెప్పలేమంటుంది. గోడ మీద ఆవిడ పాఠాల కాగితం చూశాను. పది గంటలు, దర్జీ, కొండ రోడ్డు.

కొండ రోడ్డు! ఒక పక్క బండరాయి, ఇంకో పక్క రాళ్ళు తవ్వేసిన గొయ్యి. మధ్యలో అడ్డంగా పిట్టగోడ కూడా లేదు.

"సాయంత్రం రాగానే మార్చేస్తాలే," అన్నాడు అన్నయ్య.

బైకు తాళం తీసుకున్నాను. బిగువు కొలిచే టార్క్ రెంచి, పానా, ప్యాకెట్టు సంచిలో పడేశాను. "నేను పోతున్నా. రాకపోతే ఆ జాకీ ఇలా పారెయ్."

"నట్లు బిగువుగా ఉంటే గోడ మీద నోటీసులన్నీ నువ్వే చించాలి."

"చించి నీ చేతికిస్తా. ఎక్కు ముందు."

జాకీని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని వెనకాల కూర్చున్నాడు. మొదటి సిగ్నల్ దగ్గరే ఎర్రలైటు. తొంభై సెకన్లు. కాలు కాలిన పిల్లిలా బైకు మీదే అటూ ఇటూ కదులుతున్నాను. పక్కన తెల్లకారు ఆగితే వంగి దాని చక్రం చూశాను. లోపలున్నావిడ నన్ను తేరిపారా చూసి అద్దం ఎక్కించేసింది.

వెనక నుంచి అన్నయ్య సాధింపు ఆగలేదు. "ముందు చేత్తో ఎక్కించాకే పానా పెట్టా."

"తెలుసు."

"గాలి గన్ను ముట్టుకోలేదు. మరలన్నీ తీగ బ్రష్షుతో తుడిచా. చుక్క నూనె వెయ్యలేదు. ఎదురెదురుగా బిగించా."

"అదీ తెలుసు."

నిజమే. అన్నీ చేసుంటాడు. ఇంత శుభ్రంగా తప్పు చేసే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. బద్ధకంతో చేసినవాణ్ణి తిట్టొచ్చు. నిజాయితీగా చేసినవాణ్ణి ఏమని తిట్టాలి? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. ఇప్పుడు ఆ కుందేలు మీద ఇద్దరు మనుషులు కొండెక్కారు.

ఊరు దాటాక గొణుగుడు ఆగిపోయింది. కాసేపటికి నా చెవి దగ్గర అడిగాడు.

"ఆ గరాటు సంగతి... ఎంత దూరం ఆగుతుంది?"

"యాభై కిలోమీటర్లు ఆగొచ్చు. ఐదు కూడా ఆగకపోవచ్చు."

తర్వాత నా భుజం మీద ఒక్కటి వేశాడు. "ఇంకాస్త పోనీవే!"

రెండో మలుపు దాటగానే కనిపించింది. నెత్తి మీద బోర్డుతో వదిన కారు, కొండ దిగుతోంది. ఎడమ పక్క ముందు చక్రం కుంటుతోంది. తిరగడం తిన్నగా తిరగట్లేదు, తాగినవాడి నడకలా ఉంది. అటు పక్కే గొయ్యి.

హారన్ మీద వేలు తియ్యకుండా పక్కకి వెళ్ళాను. "ఆపండీ!" అని అన్నయ్య పెట్టిన కేకకి స్టీరింగ్ దగ్గరున్న దర్జీ బెదిరి ఇంకా ఎడమకి తిప్పాడు. వదిన ఒక చేత్తో స్టీరింగ్ పట్టి, తన కాలి కింద ఉన్న బ్రేకుని మెల్లమెల్లగా నొక్కింది. ఒక్కసారిగా నొక్కి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు. కారు ఆగింది. గొయ్యికి నాలుగడుగులు.

వదిన తలుపు తోసుకుని దిగింది. "ఏమిటీ అన్నాచెల్లెళ్ళ వీరంగం? పెద్దమనిషి గుండాగి పోయుండేవాడు!"

"వదినా, టకటకమని చప్పుడు రావట్లేదా?"

"వస్తోంది. క్లచ్చు సగం తొక్కి వదిలేస్తున్నాడని అరగంట నుంచీ చీవాట్లు పెడుతున్నా."

"పూర్తిగానే తొక్కుతున్నానమ్మా," అన్నాడు దర్జీ, సీటు బెల్టు ఇంకా గట్టిగా పట్టుకుని. "ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కినవాణ్ణి. కాలు నా మాట వింటుంది, మీరే వినరు."

అన్నయ్య అప్పటికే చక్రం ముందు కూర్చున్నాడు. పానా తియ్యలేదు. రెండు వేళ్ళతో నట్టుని పట్టి తిప్పాడు. సీసా మూతలా తిరిగింది. రెండోది కూడా. మూడోది కాస్త మొరాయించింది. నాలుగోచోట నట్టే లేదు. స్టడ్డు తెగిపోయి, తెగిన చోటు కొత్త గిన్నెలా తళతళలాడుతోంది.

వదిన ఆ మెరుపుని చూసింది. తర్వాత గొయ్యిని చూసింది. గొంతు పెంచలేదు.

"ఎవరు బిగించారు?"

నేను నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో నాకే తెలుసు.

"నేనే," అన్నాడు అన్నయ్య. "దాని నట్లే దానికి వేశా. నాన్న ఎప్పుడూ..."

"మావయ్యగారు దొంగలని నమ్మలేక పెట్టిన రూలండీ అది. మీ చెల్లెల్ని నమ్మకూడదని కాదు. ఆ పిల్ల తెచ్చిపెట్టిన ప్యాకెట్టు మీద నా కారుకనే రాసుంది కదా. కనిపించలేదా?"

"కనిపించింది."

"మరి?"

అన్నయ్య జాకీ పెట్టాడు, చక్రం దింపాడు. లోపల మిగిలిన మూడు స్టడ్లలో ఒకదాని మెడ సన్నబడి సాగిపోయి ఉంది. రంధ్రాల అంచులు నమిలేసినట్టున్నాయి. అతను వాటి మీద బొటనవేలు పెట్టి, ఒక్కో రంధ్రం తడిమి చూస్తున్నాడు.

ఓదార్చడం నాకు రాదు. పైగా నా బుర్రలో ఇంకో లెక్క తిరుగుతోంది.

"అన్నయ్యా, ఈ అలాయ్ చక్రాలు మనకి ఎన్ని సెట్లు వచ్చాయి?"

"మూడు."

"మిగతా రెండు?"

"ఒకటి టాక్సీ అతనికి, ఆదివారం. ఇంకోటి ఇంటింటికీ తిరిగే నర్సమ్మకి. నిన్న."

"వాటికి ఏ నట్లు వేశావు?"

అడగాల్సింది కాదు. అతని మొహమే చెప్పింది.

టాక్సీ అతను మొదటి రింగుకే ఎత్తాడు. బండి ఇంటి ముందే ఉందట, కడుగుతున్నాడట. "కడుక్కో. తాళం మాత్రం పెట్టకు," అన్నాడు అన్నయ్య. నర్సు ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. రోజుకి పన్నెండిళ్ళు తిరుగుతుంది ఆవిడ. అన్నయ్య రోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, ఫోను చెవికి అతికించుకుని. మూడోసారి. నాలుగోసారి. దర్జీ కూడా కారు దిగి అతని వెనకే నాలుగడుగులు వేసి, ఎందుకో తెలియక ఆగిపోయాడు.

"ఆవిడ కారు స్టడ్లదీ ఇదే మరేనా? ఈ నట్లు ఎక్కుతాయా?" అని అడిగాను.

"ఇదే. నాలుగు స్టడ్లు, ఇదే మర." అంతలో అతను గాల్లో చెయ్యెత్తాడు. "హలో! అమ్మా, మీరు కారులో ఉన్నారా? నడుపుతున్నారా? మెల్లగా పక్కకి తియ్యండి. బ్రేకు గట్టిగా కొట్టకండి... ఆగారా? ఆగారు కదా? దిగిపొండి." కాసేపు విన్నాడు. "లేదమ్మా, మీ తప్పేం లేదు. కారు తప్పూ కాదు. చక్రాలకి వెయ్యకూడని నట్లు వేశాను. నేనే. మా చెల్లెలు గోడ మీద రాసి పెట్టింది, నేను చదవలేదు... వస్తున్నా. నేను వచ్చేదాకా దాన్ని ఎవ్వర్నీ ముట్టుకోనివ్వకండి."

తిరిగి చూసేసరికి వదిన బైకు స్టార్ట్ చేసి కూర్చుంది. సంచి మెడలో వేసుకుంది.

"ఎక్కండి," అంది. "ఈ కంగారులో మీరు నడపలేరు."

అన్నయ్య వెనక ఎక్కాడు. మలుపులో చప్పుడు సన్నగిల్లేదాకా చూశాను. పదహారు నట్లూ వాళ్ళతో పోయాయి. ఈ కారు ఇవాళ ఎలాగూ కదలదు. తెగిన స్టడ్డు మారాలి, సాగినదీ మారాలి. మిగతా మూడు చక్రాల లోపల ఏముందో ఇంకా చూడనేలేదు.

"ఇప్పుడు మనమేం చెయ్యాలమ్మా?" అన్నాడు దర్జీ.

"కారు జారకుండా ఆ వెనక చక్రానికి రెండు పక్కలా రాళ్ళు పెట్టండి," అన్నాను, కారు డిక్కీలోని పానా తీసుకుని. "గట్టివి చూసి పెట్టండి."