తోటికోడలి కాపలాలో సోములమ్మ కడుపు పరీక్ష

సోనీ, ఆ సెల్లు పక్కన పెట్టి ఇలా దగ్గరకు జరుగు. ఇంకా దగ్గరకు. ఈ కథలో దొడ్డికి వెళ్ళే సంగతులు చాలా ఉన్నాయి, గట్టిగా చెబితే వాకిట్లో వాళ్ళు నవ్వుతారు. ఇది నవ్వుకునే కథ కాదు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన కథ.

మన అరకు కొండల్లోనే, కాఫీ తోటల పైనున్న ఊళ్ళో సోములమ్మ అని ఒకావిడ ఉంది. యాభై దాటిన మనిషి. నోరు మంచిది కాదు, చేతులు మంచివి. ఆమె ఒక పూటలో కోసే కాఫీ పండ్లు ఇంకొకరు రోజంతా కోయలేరు. మొగుడు బుధు మెత్తనివాడు. బుధు తమ్ముడి పెళ్ళాం సంతోషమ్మ. ఆ గుంట పది దాకా చదివింది, మిషను చర్చికి వెళ్తుంది, ఊళ్ళో ఆశా పని చేస్తుంది.

రెండిళ్ళ తోటల మధ్య ఒక సిల్వర్ ఓక్ చెట్టు, దాని మీద మిరియాల తీగ ఉన్నాయి. వేరు సోములమ్మ వైపు, కాపు సంతోషమ్మ వైపు. ఆరేళ్ళ కిందట సంతోషమ్మ నిచ్చెన వేసుకుని మిరియాలు కోస్తుంటే సోములమ్మ వచ్చి నిచ్చెన లాక్కుపోయింది. ఊరంతా వచ్చి చూసేదాకా సంతోషమ్మ చెట్టు మీదే ఉంది. అప్పటి నుంచి ఒక ఇంటి నీళ్ళు ఇంకో ఇంటివాళ్ళు ముట్టరు.

సోములమ్మకు దొడ్డికి వెళ్తే రక్తం పడడం మొదలైంది. నాలుక తెల్లగా పాలిపోయింది, కొండ మెట్ట ఎక్కితే ఆయాసం. ఆశా కాబట్టి సంతోషమ్మ రక్తం పట్టే ఐరన్ బిళ్ళలు తెచ్చి గుమ్మంలో పెట్టి, "రోజుకొకటి మింగు" అనేది. ఆ గుమ్మం ముందు నిలబడి అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. సోములమ్మ ఆ అట్టలన్నీ చూరులో దోపేది. ఊరి దేవుళ్ళ పూజలూ నాటు మందులూ చూసే గురువు యర్రయ్య ఇచ్చిన వేరు పొడి మాత్రం పూటపూటా తినేది.

మూడు నెలలైనా రక్తం ఆగలేదు. విశాఖలో ఒక ఆసుపత్రికి పంపారు. కింద నుంచి గొట్టం పెట్టి పేగంతా చూడాలంది అక్కడి డాక్టరమ్మ. తారీకు వేసి, ఎలా తయారవ్వాలో కాగితం రాసి, తాగడానికి మందు పొట్లం ఇచ్చారు. ఆ కాగితం చదవగలిగేది ఆ వీధిలో సంతోషమ్మ ఒక్కతే.

"ఏడు రోజుల ముందు నుంచి రత్తం బిళ్ళలు మానీ. యర్రయ్య తాత పొడి మానీ. ముందు రోజు తేటగా ఉన్న నీళ్ళే తాగాల. అంబలి వొద్దు," అని గుమ్మం బయట నిలబడి చదివింది.

సోములమ్మ ఆలోచించింది. మూడు నెలలు తిను తిను అని ప్రాణం తీసిన మనిషి ఇవాళ మానమంటోందంటే, ఆ బిళ్ళల్లో ఏదో మేలు ఉన్నట్టే. చూరులో దోపినవి దులిపి పూటకొకటి మింగడం మొదలుపెట్టింది.

ఇక అంబలి సంగతి. కొండ మీద అంబలి తిన్నానని ఎవరైనా అంటారా? తాగానంటారు. మెట్టకు పోయే ఆడది ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, అదే రాగి జావ, పోసి భుజాన వేసుకుంటుంది. దాహమైనా అదే, ఆకలైనా అదే. నీళ్ళు తాగమన్నది కాగితం, అంబలి వద్దన్నది సంతోషమ్మ కడుపుమంట, అనుకుంది సోములమ్మ. బస్సులో బుర్ర ఖాళీ చేసి మరీ దిగింది.

బల్ల మీద పడుకోబెట్టి గొట్టం పెట్టారు. పక్కన తెర మీద నల్లని బురద, అందులో చోడి పొట్టు. గొట్టం పట్టుకున్న కుర్రాడు, "కడుపులో తారు రోడ్డు వేయించావేటమ్మా" అన్నాడు. ఇద్దరు నర్సులు నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు, గొట్టం బయటకు తీసేసింది.

"ఏమీ కనపడలేదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే పేగంతా ఇలా నల్లగా అంటుకుంటుంది, ఆపమని నీకెవరూ చెప్పలేదా?"

అబద్ధం సోములమ్మ నోట్లోకి తనంతట తనే వచ్చింది.

"మా ఊరి ఆశా సెప్పలేదమ్మా."

డాక్టరమ్మ అప్పటికప్పుడే కింది ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసింది. అక్కడ సంతోషమ్మను అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. చేతిలో నోటీసు పెట్టారు. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోంచి తీసేస్తామన్నారు.

ఆ వారమే సోములమ్మ తోటలో బుట్టతో సహా పడిపోయింది. లేచాక చూస్తే చీర వెనుకంతా రక్తం. బుధు తువ్వాలు నలుపుతూ, "సంతోషమ్మను సాయం అడుగుదునా?" అన్నాడు. "అడిగితే ఈ ఇంట్లోకి రాకు మావా," అంది. మళ్ళీ పరీక్షకు తారీకు వచ్చింది. అది తప్పితే రెండు నెలల దాకా ఇంకో తారీకు లేదట. అప్పటిదాకా ఉంటానో ఉండనో అని ఆమెకు మొదటిసారి భయం పట్టుకుంది.

ఎవరూ పిలవకుండానే సంతోషమ్మ వచ్చింది. గుమ్మం బయట ఆగలేదు, లోపలికే వచ్చి నిలబడింది.

"సెప్పలేదేటి నాను?"

"సెప్పావో లేదో నాకేటి గుర్తు."

"మూడుసార్లు సెప్పాను. నీ కుక్క కూడా ఇన్నాది."

"అయితే కుక్కనే సాచ్చీకానికి తీసుకెళ్ళు."

"సూడు సోములప్పా. ఈసారి నానొస్తాను నీతో. నీ మీద పేమ కాదు. నువ్వు సస్తే ఆ సావు కూడా నా నోటీసు మీద రాస్తారు. సచ్చేదుంటే పరీచ్చయ్యాక సావు."

సోములమ్మ విసురుగా వెనక్కి తిరిగి పొయ్యి ఊదుకుంది.

ఆ రోజే సంతోషమ్మ చూరు వెతికి బిళ్ళల అట్టలు పట్టుకుపోయింది. ఉప్పు కుండలో దాచిన వేరు పొడి కూడా బయటపెట్టింది.

"అది దేవుడి మందు. దానితో నీ యేసు పెబువుకేటి నొప్పి?" అంది సోములమ్మ.

"పెబువుకి లేదు, డాక్టరమ్మకుంది. లోపల అదేటి సేస్తాదో ఆవిడకి తెల్దంట. తెలీంది ఏదీ వొద్దంట."

అంతటితో ఊరుకోలేదు. యర్రయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలాయన పొడి వాసన చూసి మూట కట్టి, "ఏడు రోజులు ఆపవే. నా వేరు ఎక్కడికీ పారిపోదు. ఆల్లు సూసేది సూడనీ," అని తన సంచిలో వేసుకుని పోయాడు. సొంత గురువే అటు తిరిగాక సోములమ్మకు ఇక ఎవరి అండా లేకపోయింది.

రోజూ పొద్దున్నే సంతోషమ్మ వాకిట్లోకి వచ్చి అడిగేది. "ఇవాల ఏ రంగు?"

"నీ మొగుడి మొకం రంగు."

"నలుపు తగ్గిందా లేదా సెప్పు బేగి. నాకు ఇంకా నాలుగిల్లు తిరిగే పనుంది."

ఐదో రోజుకు నలుపు తగ్గింది. ఆ మాట చెప్పేటప్పుడు సోములమ్మ గోడ వైపు తిరిగి చెప్పింది.

ఈసారి ఒక రోజు ముందే వార్డులో చేరమన్నారు. పొద్దుట పాలు లేని కాఫీ, తర్వాత కొబ్బరినీళ్ళు, అంతే. మధ్యాహ్నం నుంచి మందు నీళ్ళు తాగాలి. ఉప్పూ తీపీ కలిసిన ఆ నీళ్ళు గ్లాసు తర్వాత గ్లాసు సంతోషమ్మ కలిపి ఇచ్చింది.

"పంది మూత్రంలా ఉంది."

"తాగినట్టే సెప్తన్నావు. ముక్కు మూసుకో."

"నిన్ను పెళ్ళాడినాడికి సుక్కెదురు."

"ఆ సంగతి ఆయన్ని అడుగుతాను. ముందు గ్లాసు ఖాళీ సెయ్యి."

రెండో గ్లాసు దాటాక పరుగులు మొదలయ్యాయి. పదిసార్లు, పన్నెండు సార్లు. ప్రతిసారీ సంతోషమ్మ బాత్‌రూం తలుపు బయట నిలబడి, "ఏ రంగు?" అని అరిచేది. వార్డంతా వినేది. "పసుపే తల్లీ, పసుపే, పేపర్లో ఏయించు," అని సోములమ్మ లోపలి నుంచి అరిచేది. పక్క మంచం ముసలామె, "మీరిద్దరూ తల్లీకూతుళ్ళా?" అని అడిగితే ఇద్దరూ ఒకేసారి "కాదు" అన్నారు.

సాయంత్రానికి సోములమ్మకు కళ్ళు తిరిగే ఆకలి పుట్టింది. సంచిలో, పాత చీర మడతల్లో, ఆనపకాయ బుర్ర ఉంది. బుధు మనసాగక పెట్టిన అంబలి అది. సంతోషమ్మ నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి మూత తీసింది. పులిసిన వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళంతా లాగింది. పెదవుల దాకా ఎత్తింది కూడా.

వెనుక నుంచి ఒక చెయ్యి బుర్ర లాక్కుంది.

సంతోషమ్మ కిటికీ వైపు చూసింది, పారబోస్తుందేమో అనుకుంది సోములమ్మ. చోడి గింజను పారబోసే చెయ్యి కొండ మీద పుట్టదు. సంతోషమ్మ నేల మీద చతికిలబడి, బుర్ర ఎత్తి, గుటకలు వేస్తూ మొత్తం తాగింది. సోములమ్మ ముందే, సోములమ్మ కళ్ళల్లోకి చూస్తూ తాగింది.

"పారబోత్తే పాపం. నీకిత్తే నా పని పోద్ది. నాకూ పొద్దున్నుంచి కడుపులో ఏటీ లేదు," అని మూతి తుడుచుకుంది.

సోములమ్మ తిడదామని నోరు తెరిచింది. ఆరేళ్ళ తర్వాత తన ఇంటి కుండలోది ఈ మనిషి గొంతు దిగిందన్న సంగతి అప్పుడు తట్టింది. తిట్టు మాత్రం మానలేదు. "నీ కడుపు కాల," అంది. కాకపోతే కొంచెం మెల్లగా అంది.

తెల్లవారి మిగిలిన మందు నీళ్ళు తాగేసరికి బయటకు వచ్చేది గోమూత్రమంత తేటగా ఉంది. బల్ల మీదికి ఎక్కించి మత్తు ఇచ్చారు.

మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మ మంచం పక్కన ఉంది. పేగులో పుట్టగొడుగులా ఒక కాయ మొలిచిందట, రక్తం దాని నుంచేనట. గొట్టంతోనే కోసి తీసేశారు, పరీక్షకు పంపారు. వదిలేసి ఉంటే అది కేన్సరయ్యేదేమో అంది. పది రోజులకు జవాబు వచ్చింది, చెడ్డది కాదని. అది తర్వాతి మాట.

ఆ వేళ డాక్టరమ్మ సంతోషమ్మ వైపు తిరిగింది. "పేగు అద్దంలా ఉంది. మీరు కొత్త ఆశానా? ఆ పాతామె కంటే చాలా నయం."

సంతోషమ్మ సోములమ్మ వైపు చూసింది. అరవలేదు, చేయెత్తలేదు, ఊరికే చూస్తూ నిలబడింది.

సోములమ్మ దుప్పటి అంచు నలిపింది. నిచ్చెన లాగిన రోజు కూడా ఆమెకు ఇంత కష్టం కాలేదు.

"పాతదీ ఇదేనమ్మా," అంది. "అప్పుడూ సెప్పింది. మూడుసార్లు సెప్పింది. నానే ఇనలేదు. పైగా అబద్ధమాడినాను."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంతోషమ్మ చీర కొంగు సర్దుకుంది.

"ఈ మాట ఇక్కడెందుకు సోములప్పా. నన్ను తిట్టినకాడ సెప్పు."

సోములమ్మ చెప్పింది, సోనీ. ఆ సోమవారమే, నీరసంతోనే ఆటో ఎక్కి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. నర్సులూ రోగులూ అందరూ ఉండగా, తిట్టిన ఆయన ముందే నిలబడి, "తప్పు నాది" అంది. కాగితం రాయించి వేలిముద్ర వేసింది. నోటీసు తీసేశారు. తిరుగు ఆటోలో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు, చెరో వైపు చూస్తూ.

ఇదంతా గుర్తు పెట్టుకో తల్లీ. ఎవరైనా ఆ పరీక్షకు వెళ్తున్నారంటే ఈ కథ చెప్పు. మింగే బిళ్ళలూ, తినే పొడులూ, దేవుడి మందైనా సరే, ఒక్కటీ దాచకుండా డాక్టరుతో చెప్పమను. ఏది మానాలో ఎప్పుడు మానాలో వాళ్ళ నోటే వినమను. చెప్పేది శత్రువైనా వినమను. చివర్న మాత్రం ఆ ఇద్దరూ కలిసిపోయారని కలిపి చెప్పకు. కలవలేదు. జరిగింది జరిగినట్టే చెప్పు.