ఆదెమ్మ పెట్టిన ఉపవాస ప్రార్థన

బెంగళూరు కుందలహళ్ళి తెలుగు చర్చిలో ఆదెమ్మ మాటకు ఎదురు చెప్పిన మనిషి అప్పటిదాకా లేడు. పాస్టరుగారు కూడా ఆమె తల ఊపాకే పండగ తేదీలు ప్రకటించేవారు. అలాంటి ఆదెమ్మకు వద్దని చెప్పాల్సిన గతి జ్యోతికి పట్టింది. అదీ ప్రార్థన వద్దని.

ముందు శామ్యూల్ సంగతి చెప్పుకోవాలి. జ్యోతి మొగుడు. అమెరికా వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొరాయించినా ఇక్కడ కూర్చుని దారికి తెచ్చే ఉద్యోగం. రాత్రంతా పని, తెల్లవారుజామున ఇల్లు, మధ్యాహ్నం దాకా నిద్ర. ఈ చుట్టుపక్కల అలాంటివాళ్లు వీధికి పదిమంది ఉంటారు, అందులో వింతేం లేదు. వింతంతా శనివారం మొదలయ్యేది. శనివారం రాగానే ఈ మహానుభావుడికి అందరిలా బతకాలనిపించేది. డ్యూటీ దిగి నడుం వాల్చకుండా మార్కెట్టుకు పోయేవాడు. సాయంత్రం పాటల ప్రాక్టీసులో కీబోర్డు వాయించేవాడు. రాత్రి లోకంతో పాటు పడుకుని, ఆదివారం పొద్దున్నే ఆరాధనలో ముందు వరసలో ఉండేవాడు. సోమవారం మళ్లీ రాత్రి డ్యూటీ. విమానం ఎక్కకుండానే వారం వారం అమెరికా పోయి వస్తున్నట్టు లెక్క. "నిద్రదేముంది, నేను రమ్మంటే వస్తుంది" అని గొప్పలు పోయేవాడు. ఒళ్లు ఎన్నాళ్లు ఊరుకుంటుంది?

ముందు నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత నవ్వు పోయింది. సోమ, మంగళవారాలు వచ్చాయంటే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఒకనాడు ఉతికిన బట్టలు మడతపెడుతూ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా, "నేను లేకపోతే నువ్వు హాయిగా ఉంటావు జ్యోతీ" అన్నాడు. జ్యోతి మళ్లీ ఆలోచించకుండా చెప్పులేసుకుని, అతని చెయ్యి పట్టుకుని మానసిక వైద్యురాలు సమీనా దగ్గరికి తీసుకెళ్లింది.

సమీనా అన్నీ అడిగింది, ఓపిగ్గా వింది, మందులు రాసింది. మళ్లీ అలాంటి ఆలోచన వస్తే దాచుకోకుండా జ్యోతికీ తనకూ వెంటనే చెప్పాలని శామ్యూల్ దగ్గర మాట తీసుకుంది. ఇంకో మాట కూడా కచ్చితంగా చెప్పింది. నిద్ర చెడితే మనసు చెడుతుంది, మనసు చెడితే నిద్ర ఇంకా చెడుతుంది, అందుకని సెలవైనా పండగైనా ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవాలి.

జ్యోతి స్కూల్లో లెక్కల టీచరు. తప్పెక్కడుందో తెలిశాక దిద్దకుండా వదిలే రకం కాదు. పడగ్గది కిటికీకి మందపాటి నల్ల పరదా కట్టింది, కాలింగ్ బెల్లు వైరు పీకేసింది. శని, ఆదివారాలు కూడా శామ్యూల్ మధ్యాహ్నం దాకా పడుకోసాగాడు. కొన్నాళ్లకు రెండోసారి అన్నం అడిగాడు. ఇంకొన్నాళ్లకు ఏదో చూసి నవ్వాడు. ఆ పూట జ్యోతి వంటింట్లోకి పోయి కరువుతీరా ఏడ్చింది.

అంతా గాడిలో పడుతోందనుకునేసరికి చర్చిలో కీబోర్డు దగ్గరున్న ఖాళీ కుర్చీ ఆదెమ్మ కళ్లలో పడింది. ఆదెమ్మ ఆనేకల్ దగ్గర మగ్గాల ఇంట పుట్టిన మనిషి. బెంగళూరులో దిక్కూమొక్కూ లేని రోజుల్లో ఈ కొత్త దంపతులకు, వేరే ఇల్లు దొరికేదాకా, తన మేడ మీద గది ఇచ్చింది. శామ్యూల్ ఆమెను పెద్దమ్మా అంటాడు. గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టిందంటే పక్కవీధి కుక్కలు కూడా లేచి కూర్చుంటాయని పేరు. కుర్రాడు ఆరాధన మానేశాడంటే సైతాను పనేనని తేల్చేసింది. శనివారం పొద్దున శామ్యూల్ వాళ్లింట్లోనే ఉపవాస ప్రార్థన అని చాటించింది. ఎవరి కోసం ప్రార్థనో వాళ్లు మధ్యలో కూర్చోవాలి, సాయంత్రం దాకా కన్ను మూయకూడదు. ఆమె కూడికల్లో ఆనవాయితీ అది.

ఫోనులో శామ్యూల్ "సరే పెద్దమ్మా" అనేశాడు.

"ఎందుకన్నావ్?" అంది జ్యోతి.

"ఒక్కరోజే కదా. అడ్జస్ట్ అవుతాలే."

"ఒక్క చుక్కే కదా అని పాలలో మజ్జిగ వేస్తే పాలు పాలుగా ఉంటాయా సామ్?"

"ఆమెకి నో చెప్పలేను జ్యోతీ. రీజన్ అడుగుతారు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నానని తెలిస్తే నన్ను మళ్లీ కీబోర్డు ముట్టుకోనివ్వరు." అతని మొహంలోకి ఆ పాత సోమవారం మళ్లీ వచ్చి కూర్చుంది. ఇక ఈ పని తనదేనని జ్యోతికి అర్థమైంది.

మర్నాడు స్కూలు వదలగానే నేరుగా ఆదెమ్మ ఇంటికి పోయింది. ఆమె వాకిట్లో అవరెకాయలు, అంటే అనపకాయలు, ఒలుస్తోంది.

"రామ్మా జ్యోతీ. శనివారానికి చాపలు నేనే తెస్తాలే. మీ ఇంట్లో అన్ని యాడుండాయి?"

"అత్తా, ప్రార్థన వద్దు. అది ఆయన పడుకునే టైము."

"పట్టపగలు పండుకునేదేందమ్మా? దేవుని కన్నా నిద్ర ఎచ్చా?"

"మనకది పగలు, ఆయనకు నడిరాత్రి."

"సుమ్మనుండు, నోరెత్తొద్దు. వాణ్ని సైతాను పట్టుకోనుండాడు. వానికి కావాల్సింది నిద్ర కాదు, ప్రార్థన."

ఊరికి పోతున్నామని ఒక అబద్ధం ఆడి బయటపడొచ్చు. కానీ ఈ శనివారానికి అబద్ధం ఆడితే వచ్చే శనివారానికి ఇంకోటి కావాలి. జ్యోతి కింద కూర్చుంది.

"అత్తా, ఆయన బతకనన్నాడు."

ఆదెమ్మ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. జ్యోతి ఏదీ దాచలేదు. బట్టలు మడతపెడుతూ అన్న మాట, డాక్టరు, మందులు, నల్ల పరదా అన్నీ చెప్పింది. "ఇప్పుడు తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఆ నిద్ర పట్టుకునే పైకొస్తున్నాడు. శనివారం ఆయన్ని లేపడానికి ఎవరొచ్చినా నేను తలుపు తీయను. మీరొచ్చినా సరే."

"నాకే తలుపు తీయవా?"

"తీయను."

ఆదెమ్మ చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. జ్యోతి కాసేపు చూసి లేచి వచ్చేసింది. కన్నతల్లిలాంటి మనిషి దూరమైందని దారంతా బాధపడింది. అన్నదానికి మాత్రం బాధపడలేదు.

శనివారం పొద్దెక్కాక మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. జ్యోతి తలుపు ఓరగా తీసి అడ్డంగా నిలబడింది. ఎదురుగా ఆదెమ్మ, వెనక చాపలు చంకన పెట్టుకున్న ఆడవాళ్లు.

"వాణ్ని లేపేకి రాలేదు," అంది ఆదెమ్మ గుసగుసగా. "నోరు ఎత్తము. ఇట్ల కూర్చోని మనసులోనే చేస్తాము. వాడు పండుకోనుండనీ."

జ్యోతి పక్కకు తప్పుకుంది. హాలు నిండిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఆదెమ్మ పాట్లు చూస్తే జాలేసింది. గొంతు దాకా వచ్చిన కేకను పైటకొంగు అడ్డం పెట్టి మింగుతోంది. ఎవరో దగ్గితే అందరూ ఆ దగ్గినావిడకేసి కోపంగా చూశారు. కిటికీ కింద కూరగాయల బండి మైకు మోగగానే, ప్రార్థన మధ్యలో చచ్చినా లేవని ఆదెమ్మ చెప్పుల్లేకుండా కిందికి దిగి, బండిని వీధి చివరిదాకా పంపించి వచ్చింది.

మధ్యాహ్నం తన వేళకు శామ్యూల్ గది తలుపు తీశాడు. చెంప మీద దిండు ముడతలు, రేగిన జుట్టు. హాలు నిండా జనాన్ని చూసి బెదిరిపోయాడు.

"బాగా నిద్ర పట్టిందా అప్పా?" అంది ఆదెమ్మ.

"పట్టింది పెద్దమ్మా."

పరిచి ఉన్న చాపల్ని, ఎండిపోయిన ఆ పెదవుల్ని అతను ఒకసారి చూశాడు. పొద్దుట్నుంచి అక్కడ ఏం జరిగిందో అర్థమై కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరూ ఏమీ అడగకుండానే, "రేపు ఆరాధనకు రాను పెద్దమ్మా. ఆ టైముకి నేను పడుకోవాలి. డాక్టరు చెప్పింది," అన్నాడు.

తన ఆయుష్షులో ఏ ఒక్కరినీ చర్చికి రావద్దని అనని ఆదెమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, అతని తల నిమిరింది.

"రావద్దప్పా," అంది, పొద్దుట్నుంచి అణచుకున్న గొంతంతా ఎత్తి. "నువ్వు పండుకో. ఎవురన్నా అడిగితే నా దగ్గరికి పంపించు."